చలువత్తా, వదిన మేకలూ, పిడుదులూ

ఏ ఊరికి వెళ్ళినా నేను మొదట చూసేది దండేలు. గడియార స్తంభాలూ విగ్రహాలూ తర్వాత. ఏ ఇంట్లో పసిబిడ్డ ఉందో, ఎవరు మిల్లులో పనిచేస్తారో, ఎవరింటికి చుట్టాలు దిగి ఇంకా కదలడం లేదో, అన్నీ ఆరేసిన బట్టలే చెప్పేస్తాయి. కొన్ని ఊళ్ళలో మేడకీ మేడకీ మధ్య తాడు కట్టి నడివీధి మీదే ఆరేస్తారు. కింద నడిచేవాడి నెత్తిన పక్కింటివాడి చొక్కా నీళ్ళు కారతాయి. ఇంకొన్ని ఊళ్ళలో లోపలి బట్ట బయట కనబడితే పరువు పోయినట్టే. ఈ ఊళ్ళో దిగినరోజు మాత్రం నాకు దండెమే కనబడలేదు. కొండవాలు మీద పొదలన్నీ తెల్లగా మెరుస్తున్నాయి. మంచు అనుకుందామంటే ఎండ మాడ్చేస్తోంది. దగ్గరికి పోతే దుప్పట్లు.

ఆ దుప్పట్లు ఉతికే మనిషిని ఊరంతా చలువత్త అనేది. వాగు ఒడ్డున ఆవిడది రాతి కొట్టు. అందులో రెండు పెద్ద తొట్లు, ఒక కాగు, గోడవారగా కాలిన మచ్చలతో ఇస్త్రీబల్ల. వెనక ఒక పడగ్గది. పైనున్న ఒంటిగది అద్దెకిచ్చేది. ఆ వేసవికి ఆ గదిలో చేరినవాణ్ణి నేనే కనక ఈ సంగతులు కొన్ని కిటికీలోంచి చూశాను, కొన్ని మెట్ల మీద విన్నాను. మిగతావి ఆవిడే చెప్పింది. నిజానికి ఆవిడ గొంతుకి కిటికీలూ మెట్లూ అక్కర్లేదు.

చిన్నప్పుడే ఒక పెద్దాసుపత్రి నేలమాళిగలో బట్టలుతికే పనిలో చేరిందట. పొద్దున్న లోపలికి దిగితే చీకటి పడ్డాకే పైకి రావడం. ఆవిరి, సోడా, గోడలకి చెమట. "ఎండంటే ఏంటో మా చెల్లెల్ని అడిగి తెలుసుకునేదాన్ని," అనేది. పెళ్ళయి ఈ ఊరొచ్చి, మొగుడు సైకిలు మీద మూటలు మోస్తుంటే తను ఉతుకుతూ కొట్టు నిలబెట్టింది. ఆయన పోయాక మూటలు కూడా తనే మోసింది. ఆ నేలమాళిగ మీద కసి కొద్దీ ఒక్క బట్టని కూడా నీడపట్టున ఆరనిచ్చేది కాదు. దండెమన్నా పడదు. "దండెం మీద బట్ట ఉరేసినట్టు వేలాడుతుంది. పొద మీదయితే హాయిగా పడుకుంటుంది" అనేది. ఆవిడ ఉతికిన బట్టకి పచ్చి ఆకు వాసన వచ్చేది. ఆ వాసన కోసమే పక్క ఊళ్ళ నుంచి కూడా మూటలు వచ్చేవి. పెద్దవాళ్ళ బట్టలన్నీ ఇస్త్రీ. పసివాళ్ళవి మాత్రం ఇస్త్రీ తగలనిచ్చేది కాదు, మెత్తదనం పోతుందని. వాలు పైనున్న పిల్లల బడికి కావలసిన ఏప్రాన్లూ, మధ్యాహ్నం నిద్రకి పరిచే దుప్పట్లూ, మార్చే లోబట్టలూ అన్నీ ఆవిడ చేతిమీదుగానే పోయేవి.

ఆవిడకి ఊళ్ళో సరిజోడు ఒక్కరే. సొంత వియ్యపురాలు. మేకల పెద్దమ్మ అంటారు. చలువత్త కూతుర్ని ఈవిడ కొడుక్కిచ్చారు. కొడుకు లారీ మీద తిరుగుతుంటాడు, కోడలు దూరంగా ఫ్యాక్టరీలో షిఫ్టుల్లో ఉంటుంది. వాళ్ళ కూతురు, పిచ్చుక అని పిలిచే ఆరేళ్ళ పిల్ల, ఒక వారం అమ్మమ్మ దగ్గర, ఒక వారం నాయనమ్మ దగ్గర. పిల్ల దగ్గితే ఏ వారంలో పట్టుకుందన్న దాని మీద వాదన. గోరు విరిగినా విచారణే. మేకల పెద్దమ్మకి ఉన్నదల్లా మేకలు, వాటి పాలు, వాటిని కట్టేసే రేకుల పాక. మేతకి బడి ముందునుంచే వాలు మీదికి తోలుకుపోయేది.

ఆ వేసవి మొదట్లో ఒక పిల్లాడి చెవి వెనక పశువుల నెత్తురు తాగే పిడుదు కరుచుకుని కనబడింది. తర్వాత ఇంకో పిల్ల నడుం దగ్గర. ఆ తర్వాత చంకలో.

పిడుదుని నేను చాలా దేశాల్లో చూశాను, దాని గురించి చాలా చదివాను. మనుషులు దానికి అంటగట్టిన వీరగాథలు ఇన్నీ అన్నీ కావు. ఎగిరి మీద పడుతుందంటారు, చెట్ల మీంచి రాలుతుందంటారు. పాపం దానికి రెక్కల్లేవు, దూకడం రాదు. గడ్డిపోచ కొసకెక్కి, ముందు కాళ్ళు రెండూ చాచి, ఎవరో ఒకరు రాసుకుంటూ పోకపోతారా అని నిలబడుతుంది. రోజులూ వారాలూ అలాగే. అంత ఓపిక నాకుంటే ఒక ఊళ్ళో కుదురుగా ఉండేవాణ్ణి. ఎండకి మాత్రం తట్టుకోలేదు, తేమ లేకపోతే ఎండి చస్తుంది. కరిచినా చాలాసార్లు ఏమీ కాదు. కొన్నిచోట్ల మాత్రం చెడ్డ జ్వరాలు మోసుకొస్తుంది. తల్లుల గుండె గుభేలుమనడానికి ఆ 'కొన్నిచోట్ల' చాలు.

బడి వరండాలో అందరూ గుమిగూడారు. కమిటీ పెద్ద రిటైరయిన ఓవర్సీరు. ఆయన గొంతు సవరించుకుని, "ముందు ఇవి ఎక్కడినుంచి వస్తున్నాయో కనిపెట్టాలి," అన్నాడు.

"కనిపెట్టడానికేముందండీ?" అంది చలువత్త. "రోజూ మన ముందునుంచే పోతున్నాయిగా, తోకలూపుకుంటూ!"

"వదినా, నా మేకల తోకలు నీ నోరంత ఊగవులే," అంది మేకల పెద్దమ్మ.

"నా నోట్లో పిడుదుల్లేవమ్మా!"

"ఉండలేవు. ఆ వాగుడికి అవే దిగి పోతాయి."

నవ్వులు లేచాయి గానీ నిలబడలేదు. ఓవర్సీరు తేల్చేశాడు. నెలాఖరు ఆదివారం మీటింగు. అప్పటికీ పిల్లల ఒంటి మీద పిడుదులు కనబడుతుంటే మేకల్ని ఈ వాలు మీదికి రానివ్వరు. వేరే మేత లేని మనిషికి ఆ మాటకి అర్థం ఒకటే, మందని అమ్ముకోవడం. మేకల పెద్దమ్మ వెళుతూ వెళుతూ వియ్యపురాలి ముందు ఆగి, "నీ గడప ఇంక తొక్కను," అంది. పిల్ల కోసం కూడా తొక్కలేదు. పిల్లే నాయనమ్మ దగ్గరికి పోయేది.

ఆ రోజు ఆవిడ వెళ్ళాక అదే వరండాలో ఆస్పత్రి నర్సమ్మ చేతిలో సన్న మూతి పట్టకారుతో ముందుకొచ్చింది. "మేకల మీద ఉంటాయి, నిజమే. కుక్కలు, కుందేళ్ళు, ఎలకలు, అన్నిటి మీదా ఉంటాయి. మేకల సంగతి తర్వాత చూద్దురు గాని, ముందు పిల్లల్ని ఎలా చూసుకోవాలో వినండి."

"అగ్గిపుల్ల అంటిస్తే వదిలేస్తుందటగా?" అన్నాడు ఒక తండ్రి.

"మీ వాడు ముందు వదిలి పారిపోతాడు. నిప్పొద్దు, కిరసనాయిలొద్దు, నూనె పుయ్యొద్దు. చర్మానికి ఆనించి తల దగ్గర పట్టుకుని నిదానంగా నిటారుగా లాగండి, మెలి తిప్పకండి. తర్వాత సబ్బుతో కడగండి. ఆ పైన కొన్ని వారాలు కనిపెట్టి ఉండండి. జ్వరమొచ్చినా, ఎర్రమచ్చ పాకినా నా దగ్గరికి తీసుకురండి, సొంత వైద్యం చెయ్యకండి."

పిల్లలకి మాత్రం వేరే రకంగా చెప్పింది. "పిడుదు బస్సు కోసం చెయ్యెత్తి నిలబడ్డ మనిషిలాంటిది. మీరే బస్సు. ఎక్కనివ్వకండి. ఎక్కితే సాయంత్రం దింపెయ్యండి."

ఊళ్ళో పిల్లల్ని చూడమని చలువత్తకి ఎవరూ అప్పగించలేదు. ఆవిడే అప్పగించుకుంది. మర్నాటినుంచి ఊళ్ళో ఎవరికీ మనశ్శాంతి లేదు. పిల్లల ప్యాంట్లు పొడుగువి కావాలి, లేతరంగువి కావాలి, వాటి అంచులు మేజోళ్ళలోకి దోపాలి. "మట్టి కనబడుతుందత్తా," అని ఒక తల్లి గునిసింది. "కనబడాలనే కదే! మట్టి కనబడితే పిడుదూ కనబడుతుంది. మట్టి వదలగొట్టడానికి నేనున్నాగా!" బడి ఆవరణలో గడ్డి పొట్టిగా కొట్టించింది. రాలిన ఆకులు ఊడ్పించింది. గోడవారగా పేర్చిన కట్టెలు ఎలకలకి ఇల్లవుతాయని దూరంగా తరలించింది. చెట్ల నీడనున్న ఉయ్యాలని ఎండ తగిలే వైపుకి మార్పించింది. చెట్లకీ ఆవరణకీ మధ్య వెడల్పుగా కంకర పట్టీ పరిపించింది, పొడి రాళ్ళ మీద పిడుదు నడవదని. ఓవర్సీరు స్వయంగా పార పట్టాడంటే ఆవిడ నోటి బలం అర్థం చేసుకోవచ్చు. నిమ్మగడ్డి కాచి ఆ నీళ్ళు పిల్లల కాళ్ళకి పూయబోతే నర్సమ్మ ఆపింది. "వాసన బాగుంది. కానీ చెమట పడితే పోతుంది. పసిపిల్లలకి పడదు, కళ్ళలో పడితే మంట. దాన్ని నమ్ముకుని ఒళ్ళు చూడటం మానేస్తారేమో, నాకదే భయం."

"అయితే చూడటమే," అంది చలువత్త.

అదే ఖాయమైంది. సాయంత్రం స్నానాల వేళ ప్రతి ఇంట్లోనూ పిల్లలు దండకం చదివినట్టు చదివేవాళ్ళు. జుట్టు, చెవి వెనక, మెడ వెనక, చంక, బొడ్డు, నడుం, మోకాలి వెనక, వేళ్ళ సందు. పిచ్చుక ఆఖర్న "ముక్కులో" అని కూడా కలిపి మిగతావాళ్ళకి నేర్పింది.

పిడుదులు బాగా తగ్గాయి. కానీ ఆగిపోలేదు. నడుం దగ్గర ఒకటి, చంకలో ఒకటి, అలా వస్తూనే ఉన్నాయి. కాళ్ళ మీద అసలు లేవు. ఆ తేడా నర్సమ్మని తొలిచేస్తోంది. తెల్ల ఫ్లానెల్ గుడ్డ తెచ్చి మేకల దారి పొడుగునా గడ్డి మీద ఈడ్చింది. అలా ఈడిస్తే పిడుదులు గుడ్డకి పట్టుకుని బయటపడతాయి. ఎంత వెతికినా ఒకటో రెండో తప్ప లేవు.

"మీ గుడ్డ తెలుపేనా అది? నా దుప్పటి తెస్తానుండండి," అని చలువత్త పరిగెత్తింది. ఆవిడ దుప్పటికీ అంతే.

"చూశావా వదినా?" అని పాకలోంచి కేకేసింది మేకల పెద్దమ్మ.

"దాక్కున్నాయి!" అంది చలువత్త, కొంచెం కూడా తొణక్కుండా.

ఇంతలో పిచ్చుక జారుడుబల్ల మీద తలకిందులుగా జారబోయి కాలు విరగ్గొట్టుకుంది. పిండికట్టు వేసి అమ్మమ్మ వెనక గదిలో మంచం మీద పడుకోబెట్టారు. వారం దాటింది. పిల్ల నేల మీద అడుగు పెట్టలేదు, నాయనమ్మ ఈ గడప తొక్కలేదు. అయినా అలవాటు కొద్దీ సాయంత్రం ఒళ్ళు తుడుస్తూ, దండకం చదివిస్తూ, చలువత్త పిల్ల నడుం దగ్గర ఆగిపోయింది. గౌను అడుగున వేసిన లాగు నాడా కింద, నువ్వుగింజంత.

"అమ్మమ్మా, నేను బయటికెళ్ళలేదుగా. ఇది ఏ బస్సెక్కి వచ్చింది?"

చలువత్త పట్టకారుతో తీసింది, సబ్బుతో కడిగింది. కింద గొంతు వినబడకపోయేసరికి ఏమైందోనని నేను దిగి వచ్చాను. ఆవిడ ఇస్త్రీబల్ల ముందు నిలబడి, మర్నాడు బడికి పంపాల్సిన పిల్లల బట్టల దొంతరని విప్పుతోంది. ఒక్కొక్కటీ తిరగేసి కుట్టు కుట్టూ వేలితో తడిమి చూస్తోంది. ఒక చిన్న బనీను చంక కుట్టులో పలచగా, ఆకలిగా, కాళ్ళు కదుపుతూ ఒకటి దొరికింది.

"పిల్ల మంచం దగ్గరికి బయటినుంచి వచ్చినవి బట్టలే," అంది నావైపు చూడకుండా. "ఉతికింది నేనే."

తెల్లారగానే ఒక పెద్ద దుప్పటి తీసుకుని తన పొదల దగ్గరికే నడిచింది. నేనూ వెళ్ళాను. అప్పుడు గానీ నా కళ్ళకీ కనబడలేదు. ఆ వేసవికి వాలంతా గోధుమరంగులోకి ఎండిపోయింది, ఒక్క ఆ పొదల పట్టీ తప్ప. అది మాత్రం పచ్చగా, అడుగున గడ్డి మోకాళ్ళెత్తు, మట్టి ముట్టుకుంటే చల్లగా. పొద్దుటిపూట కుందేళ్ళు అక్కడే మేస్తాయి. ఆ గడ్డికి నీళ్ళెవరు పోశారు? ఏళ్ళ తరబడి తడి దుప్పట్లలోంచి చుక్కచుక్కగా కారిన నీళ్ళు. ఎండలో బతకలేని పురుగుకి ఎండ మీద అంత ప్రేమ ఉన్న మనిషి తన చేతుల్తో చలువ పందిరి వేసి పెట్టింది.

దుప్పటిని పొదల మీద పరిచి, గడ్డి మీద ఈడ్చి, ఎత్తింది. తెల్లగుడ్డ మీద నువ్వులు చల్లినట్టుంది.

ఆరేసిన బట్ట మీదికెక్కిన పిడుదు మళ్ళీ చన్నీళ్ళలో ముంచినా చావదు. చచ్చేది పొడి వేడికి, అంటే ఇస్త్రీకి. పెద్దవాళ్ళ బట్టల మీద వచ్చినవన్నీ ఇస్త్రీపెట్టె కింద మాడిపోయాయి. మెత్తదనం పోకూడదని ఆవిడ ఇస్త్రీ చేయనివి పిల్లల బట్టలే.

మర్నాడే ఆదివారం. ఈ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే, నేనేమో ఎప్పుడు మూట సర్దుకుంటానో తెలియని మనిషిని. ఆవిడ నోరు కుట్టేసుకుని చాటుగా నాలుగు దండేలు కట్టుకుంటే పిడుదులు ఆగిపోయేవి. మేకలూ పోయేవి. మేకలు పోయాకే ఆగాయి కదా అని ఊరంతా అనుకునేది. ఆవిడ ఆ దుప్పటిని లోపలికి మడిచి, బుట్టలో పెట్టి మూతేసి, నేరుగా రేకుల పాకకి బయల్దేరింది.

మేకల పెద్దమ్మ ఒక మేక చెవి తిరగేసి లోపల వేలితో తడుముతోంది.

"వదినా."

"అక్కడే ఆగు. నా మేకల పిడుదులు నీ మీదెక్కితే నీ పరువేం గాను?"

"ఎక్కవులే. నా దగ్గర చాలా ఉన్నాయి." బుట్ట దించి దుప్పటి విప్పింది. "నా పొదల్లోవి."

మేకల పెద్దమ్మ వంగి చూసింది. "ఎవరికి చెప్పావు?"

"నీకే ముందు."

"నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు."

"పిచ్చుక నడుముకి తెలుసు."

మేక చెవి వదిలేసి ఆవిడ నిటారుగా లేచింది. "దాన్నీ కరిచిందా? ఎలా ఉంది? జ్వరమేమైనా?"

"లేదు. రాత్రే నర్సమ్మ చూసి వెళ్ళింది. కనిపెట్టి ఉండమంది." చలువత్త రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది. "తిట్టేదేదో తిట్టెయ్యి, పనుంది."

"తిట్టాలనే ఉంది. ఉన్న తిట్లన్నీ ఈ నెల్లో వాడేశాను. కొత్తవి కూర్చుకోవాలి, కాస్త టైమియ్యి."

మీటింగు బడి గదిలోనే. పెద్దవాళ్ళంతా పిల్లల కుర్చీల్లో కూచున్నారు. ఓవర్సీరు మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. ఆయన "మేకల విషయం" అని మొదలుపెట్టాడో లేదో చలువత్త లేచింది.

"మేకలు కాదండీ. నేను. పొదల మీద ఆరేసిన బట్టల్లోంచి వచ్చాయి. ఇదిగో." ఏ గొంతుతో మేకల మీద నింద వేసిందో అదే గొంతు, ఒక మెట్టు కూడా దిగలేదు.

గదిలో గగ్గోలు. "శుభ్రంగా ఉంటాయని నీ చేతికిస్తే నువ్వే మా పిల్లలకి అంటించావా!" అని ఒక తల్లి ఏడుపు గొంతుతో అరిచింది.

"అవునమ్మా, నేనే. కావాలని కాదు, కానీ నేనే. రేపటినుంచి బట్టలిస్తారో మానేస్తారో మీ ఇష్టం, ఎందుకని అడగను. ఇచ్చేవాళ్ళు మాత్రం వినండి. రాతి నేల మీద, చుట్టూ గడ్డి లేనిచోట దండేలు కడతాను. పిల్లల బట్టలు ఉడుకునీళ్ళలో ఉతికి, కుట్లతో సహా ఇస్త్రీ చేస్తాను. గరుకైతే గరుకు. మేజోళ్ళలో దోపడం, సాయంత్రం ఒళ్ళు చూడటం ఎవరూ మానకండి. కాళ్ళ మీద రాలేదంటే దానివల్లే." నర్సమ్మ అవునన్నట్టు తలూపింది.

"మరి ఆ పొదలకి మందు కొట్టిద్దామా?" అన్నాడు ఓవర్సీరు.

"వాగు పక్కనండీ! ఆ నీళ్ళే పిల్లలు తాగుతారు," అంది నర్సమ్మ. "కొడవలితో కొట్టేసి, నేలకి ఎండ తగలనివ్వండి. చిగుళ్ళు మళ్ళీ రాకుండా చూసుకోండి."

"చిగుళ్ళు తినడానికి మనకి మేకలున్నాయిగా," అంది చలువత్త.

"మనకా?" మేకల పెద్దమ్మ కుర్చీలోంచి లేచింది. "నాకున్నాయి. నిన్నటిదాకా పాపిష్టి మేకలు, ఇవాళ మనవయ్యాయేం?"

"వదినా, అందరిముందూ—"

"నింద కూడా అందరిముందే వేశావుగా. అడుగు."

చలువత్త గొంతు సవరించుకుంది. "వదినగారూ, తమరి మేకల్ని నా పొదల్లోకి దయచేయించండి."

గదంతా నవ్వింది, ఏడుపు గొంతు తల్లి తప్ప. ఓవర్సీరు నవ్వుతూ లేవబోతే కుర్చీ కూడా ఆయనతోపాటు లేచింది. మందని అమ్మే మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

కొందరు మూటలు వెనక్కి తీసుకెళ్ళారు. అందులో కొన్ని మళ్ళీ రాలేదు. ఆకు వాసన లేదని దూరపు వాళ్ళు మానేశారు. చలువత్త దండేలకి గుంజలు పాతించడంలో మునిగిపోయింది. గుంజ ఒంకరగా ఉందని పనివాళ్ళ మీద అరిచిన అరుపులకి నేను మధ్యాహ్నం కునుకు మానుకున్నాను. పొదలు మోళ్ళయ్యాయి. మోళ్ళ మీద చిగురు వేసినప్పుడల్లా మేకలు వచ్చి పోయేవి. బడి పిల్లలు వాలు మీదే ఆడుకున్నారు. పిడుదు ఎప్పుడైనా ఒకటి కనబడేది, అడవి పక్కన ఊరన్నాక అది తప్పదు. కనబడిన సాయంత్రమే దాన్ని తీసేసేవాళ్ళు. పిచ్చుకకి జ్వరం రాలేదు.

నేను బయల్దేరే ముందురోజు సాయంత్రం చెప్పి వెళదామని కిందికి దిగాను. పిండికట్టు తీసేశారు. పిచ్చుక స్టూలు మీద నిలబడి దండకం చదువుతోంది. అమ్మమ్మ చూస్తోంది. గడప లోపల నాయనమ్మ చేతులు తుడుచుకుంటోంది.

"అయిపోయింది, ఏం లేవు," అంది చలువత్త.

"మెడ వెనక చూశావా?" అంది నాయనమ్మ.

"చూశాను."

"జుట్టు పాయ తీసి చూశావా?"

"తీశానే తల్లీ!"

"నువ్వు చూసింది నేనూ ఓసారి చూస్తాను."

చలువత్త నోరు తెరిచింది. ఏమనుకుందో ఏమో, దువ్వెన వదిన చేతికిచ్చి, స్టూలు పక్కన ఆవిడకి చోటు చేసింది.